కాలు తీసేస్తే బీమా, కాపాడుకుంటే సొంత ఖర్చు

షుగర్ ఉన్నవారికి ఆరోగ్య బీమా ఇస్తారా, ఇస్తే అది భరించగలిగే ధరలో ఉంటుందా అన్న ప్రశ్న తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఏదో ఒక సందర్భంలో మళ్లీ ముందుకు వస్తూనే ఉంది. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024లో నిబంధనలను సడలించినప్పుడు ఒకసారి, వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా ఎత్తివేసినప్పుడు మరోసారి, దీనికి జవాబు దొరికిందన్న అభిప్రాయం కలిగింది. వాస్తవానికి ఆ రెండు మార్పులూ ప్రశ్నలో కొంత భాగానికే జవాబు చెప్పాయి. మధుమేహం ఉన్నవారికి పాలసీ అమ్మే కంపెనీలు నేడు ఉన్నాయి. అయితే ఆ పాలసీ ఏ ఖర్చును ఎప్పటి నుంచి భరిస్తుంది, కొనేవారిని ఎవరితో కలిపి లెక్కగట్టి ధర నిర్ణయిస్తుంది అన్న విషయాలు ఎప్పటిలాగే మిగిలిపోయాయి. భారం తేలేది అక్కడే గనుక, నష్టభారాన్ని పంచుకునే సమూహం ఎలా ఏర్పడుతుందన్న చోట ఈ చర్చను మొదలుపెట్టడం సమంజసం.

సమస్య పరిమాణం చిన్నది కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిగి, 2023 జూన్‌లో ఫలితాలు వెలువడిన ఇండియాబ్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి, అంటే వయోజనుల్లో 11.4 శాతానికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. రక్తపోటు ఉన్నవారు 35.5 శాతం. పెద్దవారిలో దాదాపు ప్రతి తొమ్మిదో మనిషికి ఉన్న జబ్బును ప్రత్యేక మినహాయింపుగా చూసే బీమా విపణి, జనాభాలో ఎవరికి రక్షణ కల్పించాలనుకుంటోందన్న అనుమానం రాక మానదు.

కాకతీయుల రాతికోటకూ మట్టికోటకూ నడుమ నేటికీ జనం కాపురముంటున్న ఖిలా వరంగల్‌లో ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో పరిశీలిస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. తూర్పుకోట, పడమరకోట మొదలుకొని శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేట దాకా ఈ పరిసరాల్లో చిన్న రైతులు, మార్కెట్ హమాలీలు, ఆటో నడిపేవారు, కిరాణా దుకాణదారులు, ప్రైవేటు బడుల ఉపాధ్యాయులు, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పిల్లలున్న విశ్రాంత ఉద్యోగులు పక్కపక్క వీధుల్లోనే నివసిస్తారు. వీరికి వచ్చే షుగర్ ఒకటే అయినా, బీమా విషయానికి వచ్చేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం. పట్టణ ప్రాంతంలో కుటుంబ వార్షికాదాయం 2 లక్షల రూపాయలు మించకపోతే ఆహార భద్రత కార్డు, ప్రధానంగా దాని ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన ఆరోగ్యశ్రీ లభిస్తాయి. చట్టం వర్తించే సంస్థలో నెలకు 21,000 రూపాయల లోపు వేతనంతో పనిచేసేవారికి కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్‌ఐ, ఉంటుంది. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. ఈ మూడింటిలో దేనికిందికీ రానివారు తక్కువేమీ కాదు: నెలకు 17,000 రూపాయలు సంపాదించే స్వయం ఉపాధి కుటుంబం పేదరికపు కొలతకు కొంచెం పైన, ఈఎస్‌ఐకి వెలుపల నిలుస్తుంది. దేశవ్యాప్తంగా ఇటువంటివారు కనీసం 30 శాతం, సుమారు 40 కోట్ల మంది ఉంటారని నీతి ఆయోగ్ 2021 అక్టోబరు నివేదికలో లెక్కగట్టి, వారికి ‘తప్పిపోయిన మధ్యతరగతి’ అన్న పేరు పెట్టింది. నలభై అయిదేళ్లకు షుగర్ బయటపడిన దుకాణదారుకు ప్రభుత్వం ప్రస్తుతం చెబుతున్నది, ఇంకో పాతికేళ్లు ఆగి రమ్మని.

పేదల విషయంలో తెలుగు నేల సాధించినది మాత్రం తక్కువ చేసి చూడదగినది కాదు. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తరువాతి ఏడాదికి ఉమ్మడి రాష్ట్రమంతటికీ విస్తరించిన రాజీవ్ ఆరోగ్యశ్రీ, కార్డు ఉన్నవారిని ముందే జబ్బు ఉందా అని అడగలేదు. వైద్య పరీక్ష పెట్టలేదు. ఇన్నేళ్లు ఆగాలని చెప్పలేదు. తొలుత ఒక బీమా కంపెనీ ద్వారా నడిచి, తరువాత ప్రభుత్వ ట్రస్టే నేరుగా చెల్లించే పద్ధతికి మారిన ఈ పథకంలో, తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 9 నుంచి ఒక్కో కుటుంబానికి పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. 1,672 చికిత్సల జాబితాకు 2024లో మరో 163 చేర్చింది. మధుమేహం ముదిరి మూత్రపిండాలు చెడిపోయినవారికి డయాలసిస్, గుండె రక్తనాళాలు మూసుకుపోయినవారికి స్టెంటు లేదా బైపాస్, పాదం కుళ్లినవారికి శస్త్రచికిత్స ఈ జాబితాలో ఉన్నాయి. ఇంత తక్కువ కాగితంతో ఇంత పెద్ద చికిత్స దొరకడం చిన్న విషయం కాదు.

అయితే ఆ జాబితాను మధుమేహ రోగి వైపు నుంచి చదివితే మరో సంగతి కనిపిస్తుంది. అందులో ఉన్నవన్నీ జబ్బు గెలిచిన తరువాత జరిగే చికిత్సలు. రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర, కొందరికి తప్పనిసరైన ఇన్సులిన్, ఇంట్లో రక్తపు చుక్కతో చక్కెర చూసుకునే స్ట్రిప్పులు, గడిచిన మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష, ఏడాదికొకసారి జరగవలసిన రెటీనా, పాదం, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు ఆసుపత్రిలో చేరకుండా జరిగేవి గనుక బీమా వాటిని చూడదు. పాదానికి పుండు పడి, అది ఎముక దాకా పోయి, కాలు తీసేయవలసి వస్తే లెక్క తెరుచుకుంటుంది. ఆ పుండు పడకుండా చూసుకున్నంత కాలం ఖర్చంతా రోగిదే. మధుమేహం ఏళ్ల తరబడి నడిచే ఓపీ జబ్బు, అంటే ఆసుపత్రిలో చేరకుండా బయటి రోగిగానే చూపించుకోవలసిన జబ్బు. భారతదేశంలో ఆరోగ్య బీమా, ఈఎస్‌ఐ వంటివి మినహాయిస్తే, సర్కారుదైనా ప్రైవేటుదైనా మంచం లెక్కన నడిచే బీమా. ఈ రెండింటికీ పొత్తు కుదరకపోవడమే అన్ని ఇతర చిక్కులకూ మూలం. దేశ ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంత జేబు నుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నా, దీర్ఘరోగి ఇంట్లో ఆ తగ్గుదల అంతగా అనుభవంలోకి రాకపోవడానికి కారణం ఇదే.

ఓపీ లోటును ప్రభుత్వ ఆసుపత్రులు పూడుస్తాయన్నది సహజంగా వచ్చే సమాధానం. 30 ఏళ్లు దాటినవారికి ఆశా కార్యకర్తల ద్వారా బీపీ, షుగర్ పరీక్షలు చేయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ బస్తీ దవాఖానాల్లోనూ మాత్రలు ఉచితంగా ఇచ్చే అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమం నిజంగానే ఉంది. వరంగల్‌కు మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి, 1959 నాటి కాకతీయ వైద్య కళాశాల, రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నాయి. మాత్రలతో అదుపులో ఉన్న రోగికి ఈ ఏర్పాటు చాలవరకు సరిపోతుంది. రెండు మూడు రకాల మందులు, ఇన్సులిన్, తరచూ పరీక్షలు అవసరమైన రోగి విషయంలో, ముఖ్యంగా పనిమానుకొని వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోయే రోగి విషయంలో, మందు ఉచితమైనా వైద్యం ఉచితం కాదు.

కార్డుల పరిధిలోకి రాని కుటుంబానికి మిగిలేది ప్రైవేటు పాలసీ. ఇక్కడ 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనలు నాలుగు ముఖ్యమైన మార్పులు తెచ్చాయి. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు కంపెనీ డబ్బు చెల్లించకుండా ఉండగలిగే కాలాన్ని, అంటే వెయిటింగ్ పీరియడ్‌ను, గరిష్ఠంగా 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. ముందే ఉన్న జబ్బు అంటే ఏమిటన్న నిర్వచనంలోనూ వెనక్కి చూసే గడువును 36 నెలలకే పరిమితం చేశారు. వరసగా ఎన్నేళ్లు ప్రీమియం కడితే ఆపైన, మోసం రుజువైతే తప్ప, ఫలానా సంగతి దాచారంటూ క్లెయిమ్‌ను తిరస్కరించకూడదో ఆ మారటోరియం గడువును ఎనిమిదేళ్ల నుంచి అయిదేళ్లకు కుదించారు. కొత్త పాలసీకి 65 ఏళ్ల వయోపరిమితి అన్న ఆనవాయితీని తొలగించారు. అన్ని వయసులవారికీ, అన్ని రకాల జబ్బులున్నవారికీ తగిన పాలసీలు కంపెనీల వద్ద ఉండాలని కూడా నియంత్రణ సంస్థ చెప్పింది. పాలసీలు ఉండాలని చెప్పడం వేరు, దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ ఇవ్వాలని చెప్పడం వేరు. రెండోది ఎక్కడా లేదు. దరఖాస్తును తిరస్కరించే, లేదా మామూలు ధరపై అదనంగా ‘లోడింగ్’ వేసే అధికారం ఇప్పటికీ కంపెనీదే.

వెయిటింగ్ పీరియడ్‌ను మధుమేహ రోగికి అన్వయించినప్పుడు అది కాగితంపై కనిపించే దానికన్నా చాలా వెడల్పుగా మారుతుంది. హెర్నియా ఉన్న మనిషికి మినహాయింపు హెర్నియాతో ఆగుతుంది. షుగర్ అలా ఒకచోట ఆగదు. గుండె, మూత్రపిండాలు, కళ్లు, నరాలు, పాదాలు, చివరకు మానని గాయం దాకా దేనినైనా దాని పర్యవసానంగా చూపే అవకాశం ఉంది. కాబట్టి షుగర్ ఒక్కదానికే మూడేళ్ల మినహాయింపు అన్నమాట, ఆచరణలో మనిషి శరీరంలో సగానికి మూడేళ్ల మినహాయింపు. మధుమేహులకే ప్రత్యేకించిన పాలసీలు ఈ గడువును తగ్గించడమో తొలగించడమో చేస్తాయి గాని, అందుకు బదులుగా ధరలోనో, రోగి కూడా బిల్లులో కొంత శాతం పెట్టుకోవలసిన కో-పే నిబంధనలోనో, ఒక్కో అవయవానికి పెట్టే ఉపపరిమితిలోనో ఆ భారాన్ని తిరిగి రాబడతాయి. నియంత్రణ సంస్థ 2020లో అన్ని కంపెనీలతో ఒకే నమూనాలో అమ్మించిన ఆరోగ్య సంజీవని పాలసీలో సైతం 5 శాతం కో-పే, ముందే ఉన్న జబ్బుకు 48 నెలల నిరీక్షణ ఉండేవి.

ఈ అస్పష్టతే క్లెయిముల దశలో వివాదాలకు దారితీస్తుంది. సత్వంత్ కౌర్ సంధూ వ్యాజ్యంలో 2009లో సుప్రీంకోర్టు, దీర్ఘకాలిక మధుమేహం, మూత్రపిండాల వైఫల్యం ఉన్న సంగతిని ప్రపోజల్ ఫారంలో చెప్పకపోవడం ముఖ్య విషయాన్ని దాచడమేనని తేల్చి, కంపెనీ తిరస్కరణను సమర్థించింది. మన్‌మోహన్ నందా వ్యాజ్యంలో 2021 డిసెంబరు 6న అదే న్యాయస్థానం మరో వైపు నుంచి మాట్లాడింది. విదేశీ ప్రయాణ వైద్య పాలసీ తీసుకున్న ఆ వ్యక్తి తనకు షుగర్ ఉందని ముందే రాశాడు; అమెరికా చేరీ చేరగానే శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో గుండెపోటు వచ్చి స్టెంట్లు వేయించుకోవలసి వచ్చింది; కొవ్వు తగ్గించే స్టాటిన్ మాత్ర సంగతి చెప్పలేదంటూ కంపెనీ డబ్బు నిరాకరించింది. మధుమేహులకు స్టాటిన్ ఇవ్వడం వైద్యంలో మామూలేననీ, రోగి పరిస్థితి తెలిసి, పరిశీలించి పాలసీ ఇచ్చిన తరువాత ఆ పరిస్థితినే సాకుగా చూపి తప్పుకోవడం చెల్లదనీ కోర్టు తీర్పు చెప్పింది. ఈ రెండింటినీ కలిపి చదివితే తేలేది ఒకటే: షుగర్‌ను దాచినవాడికి చట్టం అండ ఉండదు, చెప్పినవాడికి ఉంటుంది. ఏజెంటు ‘ఇది రాయకండి సార్, పాలసీ రాదు’ అని ఇచ్చే సలహా అందుకే అన్నిటికన్నా ఖరీదైన సలహా. న్యాయం దొరుకుతుంది గాని, దానికి పట్టే ఏళ్లను పుండు ఆగి చూడదు. హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ వద్ద ఫీజు లేకుండా ఫిర్యాదు చేసుకునే మార్గం ఉన్నదన్న సంగతి కూడా జిల్లాల్లో చాలామందికి చేరలేదు.

చట్టం రక్షణ అవసరమైనవారిని ఎంచుకున్న తీరులోనూ ఒక వైచిత్రి ఉంది. మానసిక అనారోగ్యాన్ని శారీరక జబ్బుతో సమానంగా బీమాలో చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశించింది. హెచ్‌ఐవీ ఉన్నవారిపై బీమాలో అన్యాయమైన వివక్ష కూడదని అదే ఏడాది మరో చట్టం వచ్చింది. వికలాంగులు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మానసిక అనారోగ్యం ఉన్నవారికి ప్రతి కంపెనీ తప్పనిసరిగా పాలసీ అందించాలని నియంత్రణ సంస్థ 2023 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. జన్యు సంబంధ వ్యాధులను మూకుమ్మడిగా మినహాయించడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018లోనే అన్నది. పది కోట్లకు పైగా ఉన్న మధుమేహులకు అటువంటి చట్టమేదీ లేదు. అందరికీ ఉన్న జబ్బు కావడం వల్లనే ఎవరి జబ్బూ కాకుండా పోయింది కాబోలు.

ఇక్కడ బీమా కంపెనీల వాదనను కూడా న్యాయంగా వినవలసి ఉంది. జబ్బు వచ్చిన తరువాత, అదే ధరకు, వెంటనే అమల్లోకి వచ్చేలా పాలసీ ఇమ్మంటే ఆరోగ్యవంతులు ముందుగా ఎందుకు కొంటారన్నది వారి ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్నవారు దూరంగా ఉండి, జబ్బు ఉన్నవారే చేరుతూ పోతే ఖర్చు పెరిగి ప్రీమియం పెంచవలసి వస్తుంది. పెంచగానే మిగిలిన ఆరోగ్యవంతులు కూడా తప్పుకుంటారు. ఆర్థిక శాస్త్రంలో దీన్ని ప్రతికూల ఎంపిక అంటారు. ఊళ్లో వేసే చీటీతో పోల్చుకుంటే తేడా తెలుస్తుంది: చీటీలో అవసరం ఉన్నవాడు ముందుగా పాట పాడుకొని డబ్బు తీసుకుపోతాడు, బీమాలో అవసరం ఉన్నవాడిని ముందే గుమ్మం బయట నిలబెడతారు, అయినా రెండూ నిలిచేది అవసరం లేనివారు కూడా నెలనెలా కడుతూ ఉన్నందువల్లే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం 1993లో వ్యక్తిగత పాలసీలను అందరికీ ఒకే ధరకు ఇవ్వాలని శాసించింది గాని, అందరూ కొనాలని శాసించలేదు; కాలక్రమంలో ఆ విపణి ధరలు పెరిగి, కొనేవారు తరిగి చిక్కిపోయింది. అమ్మేవారిపై మాత్రమే షరతు పెట్టి, కొనేవారి సమూహాన్ని యాదృచ్ఛికతకు వదిలేస్తే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ వాదన ఎంత నిజమో, దాని పరిమితి కూడా మన కళ్లెదుటే ఉంది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొడుకు ఉద్యోగం చేస్తే, ఆ సంస్థ గ్రూపు పాలసీలో ఖిలా వరంగల్‌లోని తల్లిదండ్రులకు సాధారణంగా మొదటి రోజు నుంచే షుగర్‌తో సహా వర్తించే బీమా దొరుకుతుంది. అదే తల్లిదండ్రులు సొంతంగా దరఖాస్తు చేసుకుంటే రక్తపరీక్ష, లోడింగ్, మూడేళ్ల నిరీక్షణ. మనుషులు మారలేదు, చక్కెర మారలేదు, కొన్నిసార్లు కంపెనీ కూడా మారలేదు; మారినది వారు ఏ సమూహంలో భాగంగా వచ్చారన్నది మాత్రమే. కొడుకు ఉద్యోగం పోయినప్పుడు అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వెసులుబాటు నిబంధనల్లో ఉన్నా, గడువులోగా అడగాలన్న సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఈఎస్‌ఐ ఇంకా గట్టి నిదర్శనం: యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం చెల్లించే ఆ పద్ధతిలో ఎవరి ఆరోగ్య చరిత్రా అడగరు, మందులతో సహా ఓపీ కూడా అందులో భాగమే. వేతనంలో 4 శాతానికే అది సాధ్యపడుతున్నది చేరిక తప్పనిసరి అయినందువల్ల. ఈఎస్‌ఐ డిస్పెన్సరీల పనితీరుపై ఎన్ని విమర్శలున్నా, సూత్రం వరకు అది చెప్పవలసినది చెప్పింది.

ఇతర దేశాలు ఈ సూత్రాన్ని ఒక్కో విధంగా ఆచరణలో పెట్టాయి. అమెరికాలో 2014కు ముందు చాలా రాష్ట్రాల్లో మధుమేహం ఉన్నవారికి వ్యక్తిగత పాలసీని నిరాకరించడం చట్టబద్ధమే. 2010లో చేసి 2014 నుంచి పూర్తిగా అమలు చేసిన చట్టం ఆ నిరాకరణను నిషేధించి, ధరలో వయసు, పొగాకు, ప్రాంతం, కుటుంబ పరిమాణం తప్ప ఆరోగ్య స్థితిని లెక్కలోకి తీసుకోకూడదని శాసించి, ఆదాయాన్నిబట్టి రాయితీ ఇచ్చింది. వరంగల్ నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు మాత్రం ఈ రక్షణ దాదాపుగా వర్తించదు. వారు కొనే సందర్శకుల పాలసీల్లో చాలావరకు ముందే ఉన్న జబ్బు ఒక్కసారిగా ముదిరితేనే, అదీ పరిమితంగా, చెల్లిస్తాయి. నెదర్లాండ్స్ 2006 నుంచి అక్కడ నివసించే ప్రతి ఒక్కరూ ప్రైవేటు బీమా కొనాలనీ, అడిగినవారెవరినీ కంపెనీ కాదనరాదనీ, ఒకే పాలసీకి అందరికీ ఒకే ధర ఉండాలనీ నియమం పెట్టింది. అక్కడి అసలు కిటుకు తెరవెనుక ఉంది: అందరి చందాలతో ఏర్పడిన ఉమ్మడి నిధి, ఏ కంపెనీ వద్ద మధుమేహులు ఎక్కువగా ఉంటే ఆ కంపెనీకి ఎక్కువ సొమ్ము బదిలీ చేస్తుంది. షుగర్ రోగిని తప్పించుకోవడం వల్ల కంపెనీకి లాభం ఉండదు గనుక, తప్పించుకునే నేర్పు మీద పెట్టే శ్రమ చికిత్స మీదకు మళ్లుతుంది. జర్మనీ ఇటువంటి సర్దుబాటుతో పాటు 2003 నుంచి మధుమేహానికి ప్రత్యేక వ్యాధి నిర్వహణ కార్యక్రమాలు నడుపుతోంది.

భారత్‌కు దగ్గరి పాఠాలు ఆసియాలోనే ఉన్నాయి. థాయ్‌లాండ్ 2002లో, ఉద్యోగుల పథకాల్లో లేని జనాభా అంతటికీ పన్నుల సొమ్ముతో, తలకు ఇంత అని జిల్లా వైద్య యంత్రాంగానికి చెల్లించే పద్ధతి తెచ్చింది. మధుమేహపు మాత్రలూ పరీక్షలూ అందులో భాగం, రోగి ఒక్కో సందర్శనకు తొలుత కట్టినది 30 బాత్‌లు. సింగపూర్ 2015 నవంబరు 1 నుంచి పౌరులు, శాశ్వత నివాసులు అందరినీ జీవితాంతం ఒకే ప్రాథమిక బీమాలో చేర్చింది. అప్పటికే తీవ్రమైన జబ్బులున్నవారు పదేళ్ల పాటు 30 శాతం అదనపు ప్రీమియం చెల్లిస్తే చాలునని నిర్ణయించి, ఆ చేరిక వల్ల పెరిగిన మిగతా భారంలో అధిక భాగాన్ని ప్రభుత్వం తలకెత్తుకుంది. రోగి వాటా ఎంత, ఎన్నాళ్లు అన్నది అంకెల్లో చెప్పడం ఇందులోని విశేషం. ఇక్కడ లోడింగ్ ఎంత పడుతుందో దరఖాస్తు పెట్టేదాకా తెలియదు. ఒకసారి పడితే ఎప్పటికి తొలగుతుందో, చక్కెర అదుపులో పెట్టుకుంటే తగ్గుతుందో లేదో చాలా పాలసీల్లో తెలియదు.

నిజానికి జబ్బు ఉన్నవారినీ కలుపుకొని చేర్చే ఇటువంటి ప్రయోగం వరంగల్‌కు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం ఐసీఐసీఐ లాంబార్డ్‌తో కలిసి 2005లో ప్రారంభించిన చేనేత కార్మికుల ఆరోగ్య బీమా పథకం, దర్రీలకు పేరుపొందిన కొత్తవాడ వంటి నేతవాడల కోసం ఉద్దేశించినదే. కుటుంబానికి ఏడాదికి 15,000 రూపాయలు మాత్రమే ఇచ్చిన ఆ పథకంలో రెండు లక్షణాలు నేటి లక్షల రూపాయల పాలసీల్లో కూడా అరుదు. ముందే ఉన్న జబ్బులకు మినహాయింపు లేదు. మొత్తంలో సగం, అంటే 7,500 రూపాయలు, ఓపీకి వాడుకోవచ్చు. ప్రీమియంలో అధిక భాగం కేంద్రం భరించింది గనుక, వృత్తి ఆధారంగా అందరినీ కలిపి చేర్చింది గనుక అది సాధ్యమైంది. మొత్తం చిన్నదన్న విమర్శ న్యాయమైనదే. 2014లో ఆ పథకాన్ని ఆపి, నేతగాళ్లను ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు చెల్లించే జాతీయ పథకంలోకి మళ్లించినప్పుడు మొత్తం పెరిగింది, ఓపీ ప్రాధాన్యం తగ్గింది. పెద్ద అంకె కోసం పనికొచ్చే చిన్న అంకెను పక్కకు నెట్టడం భారత ఆరోగ్య విధానంలో అప్పుడే మొదలైన అలవాటు కాదు, అక్కడితో ఆగనూ లేదు.

ఓపీని బీమా ఎందుకు పట్టించుకోదన్న దానికి మరో లోతైన కారణం కాలానికి సంబంధించినది. బ్రిటన్‌లో ఇరవై ఏళ్లపాటు సాగి 1998లో ఫలితాలు వెల్లడించిన యూకేపీడీఎస్ అధ్యయనం, చక్కెరను గట్టిగా అదుపులో పెట్టడం వల్ల కళ్లు, మూత్రపిండాల వంటి సూక్ష్మ రక్తనాళ సమస్యల ముప్పు 25 శాతం తగ్గుతుందని చూపింది. ఆ ప్రయోజనం కనిపించడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఏడాదికోసారి రెన్యూవల్ చేసే కంపెనీ, నేడు మాత్రలకు పెట్టిన డబ్బు ఫలితం పదేళ్ల తరువాత తన పోటీదారు ఖాతాలో పడవచ్చునని లెక్కవేసుకుంటుంది. అంత ఓపికగా ఎదురుచూడగలిగేది, రోగి ఎటు వెళ్లినా తన పరిధి దాటి పోలేని చెల్లింపుదారు మాత్రమే. తెలంగాణలో ఆ స్థానంలో ఉన్నది ఆరోగ్యశ్రీ ట్రస్టు. మూత్రపిండాలు చెడినవాడి డయాలసిస్ బిల్లు ఎలాగూ దాని దగ్గరికే వస్తుంది గనుక, ఓపీకి చెల్లించడం ట్రస్టుకు దానధర్మం కింద రాదు, సొంత ఖర్చును ముందే తగ్గించుకోవడం కిందికి వస్తుంది.

కార్డు లేనివారిని చందాతో ఆరోగ్యశ్రీలో చేర్చుకోవడం పరిష్కారంలో తొలి అడుగు కావచ్చు. రాజస్థాన్ 2021 మే నుంచి చిరంజీవి పథకంలో ఉచిత అర్హత లేని కుటుంబాలను ఏడాదికి 850 రూపాయలు కట్టించుకొని చేర్చుకుంది. ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ ఆదాయ పరిమితిని 5 లక్షల రూపాయలకు పెంచి, 2025 సెప్టెంబరులో ఆదాయంతో నిమిత్తం లేకుండా అన్ని కుటుంబాలకూ బీమా వర్తింపజేసే విధానాన్ని మంత్రివర్గంలో ఆమోదించింది. ఎవరికి వారు ఇష్టమైనప్పుడు చేరవచ్చునంటే న్యూయార్క్ అనుభవమే ఎదురవుతుంది. ఆటో యూనియన్లు, హమాలీ సంఘాలు, వర్తక సంఘాలు, చేనేత సహకార సంఘాలు, ప్రైవేటు బడుల సిబ్బంది వంటి సమూహాలను మొత్తంగా చేర్చి, ఒంటరిగా వచ్చేవారికి ఏడాదిలో ఒక నెల మాత్రమే తలుపు తెరిచి, ఆలస్యంగా చేరే రోగులకు సింగపూర్ తరహాలో గడువుతో కూడిన పరిమిత అదనపు చందా పెడితే ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది.

దీనికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం డబ్బు. పరిమితిని 10 లక్షలకు పెంచిన ప్రభుత్వమే బకాయిలు చెల్లించడం లేదంటూ 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేశాయి. ఉన్నవారికే చెల్లించలేని ట్రస్టు కొత్తవారిని ఎలా మోస్తుందని అడగడం సబబే. అయితే చందా కట్టే మధ్యతరగతి లోపలికి రావడం నిధికి రాబడి కూడా; బిల్లు ఆలస్యమైతే గొంతెత్తి అడగగల వర్గం లోపల ఉండడం పేదలకు నష్టమేమీ కాదు. ఆసుపత్రి ప్యాకేజీల జాబితాను ఇంకా పొడిగించడం కన్నా, మధుమేహం నమోదైన ప్రతి సభ్యుడికీ ఏడాదికి రెండు హెచ్‌బీఏ1సీ, ఒక రెటీనా, ఒక పాదం, ఒక మూత్రపిండ పరీక్ష, జనరిక్ మందులు కలిపి ఒక ఓపీ ప్యాకేజీగా నిర్ణయించి, దానిని బస్తీ దవాఖానాతో పాటు ఎంపిక చేసిన ప్రైవేటు క్లినిక్కుల్లో కూడా వాడుకోనివ్వడం తక్కువ ఖర్చుతో కూడిన పని. బాల్యంలోనే ఇన్సులిన్ మీద ఆధారపడే టైప్ 1 పిల్లలకు మాత్రం ఇది చాలదు. ఇన్సులిన్, స్ట్రిప్పులు వారికి పరిమితి లేకుండా అందవలసినవే.

ప్రైవేటు విపణిలో నియంత్రణ సంస్థ చేయదగినది కొంత మిగిలి ఉంది. హెచ్‌ఐవీ విషయంలో చేసినట్టే మధుమేహానికి ఒక తప్పనిసరి నమూనా పాలసీ, లోడింగ్‌కు ప్రకటిత గరిష్ఠ పరిమితి, చక్కెర అదుపులో ఉన్నట్టు పరీక్షలు చూపితే ఆ లోడింగ్ తగ్గే నియమం, ఏ జబ్బును షుగర్ పర్యవసానంగా లెక్కించవచ్చునో స్పష్టమైన జాబితా అవసరం. వృద్ధుల ప్రీమియంను ఏడాదికి 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో ఆదేశించిన సంస్థకు ఇవి కొత్త అధికారాలేమీ కావు.

వీటన్నిటికన్నా ముందు చేయదగిన పని ఒకటి, దాదాపు ఖర్చు లేనిది, ఉంది. ఖిలా వరంగల్‌లో ఎవరికి షుగర్ ఉందో, ఎవరు మందులు తీసుకువెళ్లడం మానేశారో ఆశా కార్యకర్తల నమోదులు చెప్పగలవు; అదే ప్రాంతం నుంచి ఏ ఏడాది ఎందరికి డయాలసిస్ మొదలైందో, ఎందరికి పాదం తొలగించారో ఆరోగ్యశ్రీ ట్రస్టు క్లెయిముల దస్త్రాలు చెప్పగలవు. పేర్లు తొలగించి ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి ఏటా మండలాలవారీగా ప్రచురిస్తే, మాత్ర ఆగిన చోటు నుంచి కాలు పోయిన చోటు దాకా ఎన్నేళ్లు పట్టిందో, ఆ ఏళ్లలో ఓపీకి ఎంత ఖర్చయ్యేదో, చివరి బిల్లు ఎంతయిందో ఆర్థిక శాఖ ముందు అంకెల్లో ఉంటుంది.